జాన్ బార్డీన్

గోడమీది మీటను నొక్కినతోడనే గదిలో దీపము వెలుగును. మఱల నొక్కినచో ఆరిపోవును. చెఱువుకట్టపై నిలిచిన నీరుగంటి తూముతలుపును ఒకింత పైకెత్తును. చెఱువులోని నీటిని అతడు మోయనక్కఱలేదు. నీరు తనంతట తానే కాలువలోనికి పరుగిడును. తలుపు దించినచో నిలిచిపోవును. అల్పమైన బలముతో అధికమైన ప్రవాహమును నడుపుటయు, నిలుపుటయు ఈ రెండింటియందును కానవచ్చు విశేషము.

గోడమీటను నొక్కుటకు మనుష్యుని వ్రేలు కావలెను. తూముతలుపు నెత్తుటకు నీరుగంటి చేయి కావలెను. అట్లుగాక, విద్యుత్తునకు విద్యుత్తే మీట కాగలదా? ఒక సన్నని విద్యుత్ప్రవాహము, కదలెడు భాగమొక్కటియు లేకయే, తనకంటె బలమైన వేఱొక ప్రవాహమును సెకనునకు లక్షలసారులు తెఱచి మూయగలదా? ఈ ప్రశ్నకు లభించిన సమాధానమే ట్రాన్సిస్టరు. దానిని లోకమునకు ప్రసాదించిన మువ్వురిలో మిక్కిలి మితభాషి జాన్ బార్డీన్. ఒక ప్రయత్నము విఫలమైనప్పుడు దానిని దాచక, విడువక, అది యేల విఫలమయ్యెనని వెదకుట యతని స్వభావము. ఆ స్వభావమే అతనిని మహాపురుషునిగా జేసెను.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో విస్కాన్సిన్ అను రాష్ట్రము కలదు. దాని ముఖ్యపట్టణమగు మేడిసన్ నగరమున 1908 వ సంవత్సరము మే నెల 23 వ తేదీని జాన్ బార్డీన్ జన్మించెను. తండ్రి చార్లెస్ రస్సెల్ బార్డీన్ శరీరనిర్మాణశాస్త్రమున పండితుడు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునందలి వైద్యకళాశాలకు ప్రథమాధ్యక్షుడు. తల్లి ఆల్థియా విద్యావంతురాలు. కళలయం దభిరుచి గలది. వివాహమునకు పూర్వము ఉపాధ్యాయినిగా పనిచేసినది. కుమారుని బుద్ధిసూక్ష్మతను మొదట గుర్తించినది ఆమెయే. మూడవ తరగతి ముగించిన బాలుని నడుమనున్న తరగతులను దాటించి ఏడవ తరగతిలో చేర్చిరి. తనకంటె మూడు నాలుగేండ్లు పెద్దవారగు బాలుర నడుమ ఆ పిల్లవాడు కూర్చుండి, గణితమున వారందఱను మించిపోయెను.

ఇట్లుండగా ఆ యింట పెద్ద విపత్తు సంభవించెను. ఆల్థియాకు పుట్టకురుపు వ్యాధి సోకినది. తండ్రి వైద్యుడైనను ఆమెను కాపాడలేకపోయెను. 1920 వ సంవత్సరమున ఆమె కన్నుమూసెను. అసలే మితభాషి యగు జాన్ ఆ దుఃఖమున మఱింత మౌనము వహించెను. అయినను చదువును విడువలేదు. పదునైదవ యేట ఉన్నత పాఠశాల విద్య ముగించి, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున ప్రవేశించి, విద్యుత్ ఇంజనీరింగు నభ్యసించెను. ఈతలోను జలక్రీడలలోను మంచి నేర్పరి యని పేరు దెచ్చుకొనెను. 1928 లో పట్టమును, 1929 లో అందే ఉన్నత పట్టమును పొందెను.

1930 లో బార్డీన్ పిట్స్‌బర్గు నగరమున ఒక చమురు సంస్థవారి పరిశోధనాలయమున ఉద్యోగమున చేరెను. భూమి యడుగున చమురు ఎచ్చట దాగియున్నదో తెలిసికొనుటకై భూమియొక్క ఆకర్షణశక్తిలోను, అయస్కాంతశక్తిలోను కలుగు సూక్ష్మభేదములను లెక్కించుట అతని పని. అవి ఆర్థికమాంద్యపు దినములు. అమెరికాలో లక్షలకొలది జనులు పనిలేక వీధులపాలై యుండిరి. అట్టి కాలమున మంచి జీతముగల ఉద్యోగమును విడుచుట ఎవరికిని సాహసమే. కాని బార్డీన్ మనస్సు భౌతికశాస్త్రముపై లగ్నమైయుండెను. మూడేండ్లు పనిచేసిన పిమ్మట 1933 లో ఉద్యోగమును వదలి, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున మరల విద్యార్థి యయ్యెను.

అచ్చట యూజీన్ విగ్నర్ అను మహావిద్వాంసుడు అతనికి గురువు. ఘనపదార్థములలో ఎలక్ట్రానులు ఎట్లు సంచరించును? రాగితీగ విద్యుత్తును సులభముగా పోనిచ్చుటకును, గాజు దానిని అడ్డగించుటకును కారణమేమి? ఇట్టి ప్రశ్నలు అప్పుడప్పుడే శాస్త్రజ్ఞుల నాకర్షించుచుండెను. బార్డీన్ వానినే తన పరిశోధనకు విషయముగా గ్రహించి, 1936 లో డాక్టరు పట్టమును పొందెను. హార్వర్డు విశ్వవిద్యాలయమున కొంతకాలము పరిశోధన గావించి, 1938 లో జేన్ మాక్స్‌వెల్ అను విదుషిని వివాహమాడి, మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఉపాధ్యాయుడయ్యెను. రెండవ ప్రపంచయుద్ధము వచ్చుటతో నౌకాదళమువారి ప్రయోగశాలకు పోయి, ఓడలను సముద్రపు మందుపాతరలనుండి రక్షించు నుపాయములపై పనిచేసెను. యుద్ధము ముగిసిన పిమ్మట, 1945 లో న్యూజెర్సీ రాష్ట్రమునందలి మరే హిల్ అను చోట నున్న బెల్ టెలిఫోను ప్రయోగశాలలలో చేరెను.

టెలిఫోను సంస్థకు భౌతికశాస్త్రజ్ఞునితో పనియేమి యని తోచవచ్చును. ఒకరు టెలిఫోనులో మాటాడవలెనన్నచో వారి తీగను అవతలివారి తీగతో కలుపవలెను; మాటలు ముగిసిన పిమ్మట విడదీయవలెను. ఇది మీట చేయవలసిన పని. పెద్ద నగరములలోని ఎక్స్చేంజిలలో ఇట్టి మీటలు వేలకొలది యుండెడివి. వానికి రిలేలని పేరు. తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించినపుడు అది అయస్కాంతమై ఒక చిన్న ఇనుపరేకును లాగుకొనును; ఆ రేకు వేఱొక వలయమును కలుపును. టక్కు టక్కుమని శబ్దముచేయుచు ఇవి పనిచేసెడివి. కాని కదలెడు వస్తువగుటచే వాని వేగమునకు మితి యుండెను. కలిసి విడివడు మొనలు అరిగిపోవుచుండెను. వానిపై దుమ్ము పేరుకొనుచుండెను.

రేడియోలలోని వాల్వులు మఱియొక విధమగు మీటలు. అవి గాలి తీసివేసిన గాజుబుడ్డులు. వానిలో కదలెడు భాగములు లేవు గనుక మిక్కిలి వేగముగా పనిచేయును. కాని లోపలి తీగను వేడిచేసినగాని అందుండి ఎలక్ట్రానులు వెలువడవు. ఆ వేడికి ఎడతెగక విద్యుత్తు ఖర్చగుచుండెను. బుడ్డులు మాటిమాటికి మాడిపోవుచుండెను. 1946 లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో లోకమునకు జూపబడిన ఎనియాక్ అను లెక్కలయంత్రమున సుమారు 18,000 వాల్వులుండెను. అది ఒక పెద్ద గదిని నింపివేసెను. వేడి యక్కఱలేనిదియు, అరిగిపోనిదియు, చిన్నదియు నగు మీట కావలెనని బెల్ ప్రయోగశాలల పరిశోధనాధిపతి మెర్విన్ కెల్లీ ఏండ్లతరబడి కోరుచుండెను.

జర్మేనియము, సిలికాన్ అను పదార్థములు రాగివలె విద్యుత్తును ధారాళముగా పోనీయవు. గాజువలె పూర్తిగా అడ్డగింపవు. అందుచేత వానిని అర్ధవాహకములందురు. వీనితోనే కొత్త మీటను నిర్మింపవచ్చునని తలచినవాడు ఆ పరిశోధకబృందమునకు నాయకుడగు విలియమ్ షాక్లీ. అర్ధవాహకపు పలుచని పొరకు చేరువగా ఒక లోహపురేకు నుంచి, దానికి విద్యుత్తు నెక్కించినచో, అది పొరలోని ఎలక్ట్రానులను ఆకర్షించి లోపలి ప్రవాహమును హెచ్చింపగలదని అతడు లెక్కవేసెను. లెక్కలు సరిగానే యుండెను. కాని ప్రయోగము చేసిచూడగా ఫలము శూన్యము. ఎన్నిమారులు చేసినను ప్రవాహమున మార్పు కానరాలేదు.

షాక్లీ ఆ లెక్కలను బార్డీన్‌కు చూపి సరిచూడుమని కోరెను. బార్డీన్ వానిని పరీక్షించి తప్పులేదని చెప్పెను. లెక్క తప్పు గాకున్న ప్రయోగమేల విఫలమయ్యెను? ఇతరులు ఆ ఊహను విడిచిపెట్టి వేఱొక మార్గమున పోయియుందురు. బార్డీన్ మాత్రము ఆ వైఫల్యముకడనే నిలిచిపోయెను. పలుమాసములు యోచించి 1946 లో దానికి కారణమును కనుగొనెను. అర్ధవాహకముయొక్క ఉపరితలమున కొన్ని ఎలక్ట్రానులు చిక్కువడి నిలిచియుండును. ఉత్సవదినమున గుడిద్వారముకడ క్రిక్కిఱిసిన జనము బయటినుండి వచ్చువారిని లోనికి పోనీయనట్లు, ఈ ఎలక్ట్రానులు వెలుపలి విద్యుద్బలమును లోపలికి చేరనీయవు. శత్రువెవడో తెలిసిన పిమ్మట యుద్ధము సులభమగును గదా! ఆ బృందమువారు అప్పటినుండి ఉపరితలమును శోధింప నారంభించిరి.

ఈ శోధనలో బార్డీన్‌కు తోడైనవాడు వాల్టర్ బ్రాటెయిన్. అతడు పశువుల మందలను మేపు కుటుంబమున పెరిగినవాడు; చేతిపనిలో అసామాన్యుడు. బార్డీన్ ఆలోచించును, బ్రాటెయిన్ చేసి చూచును. ఒకడు మాటాడుటకే జంకువాడు, మఱియొకడు మాటకారి. అయినను వారి స్నేహము పాలునీళ్ళవలె కలసిపోయెను. 1947 నవంబరు మాసమున బ్రాటెయిన్ పరికరములపై చెమ్మ పట్టుచుండెను. ఆ చిక్కు తప్పించుటకై అతడు పరికరమును ద్రవములో ముంచి చూచెను. చిత్రముగా, ద్రవమునందు విద్యుద్బలము ఉపరితలమును దాటి లోనికి చొరబడినట్లు తెలియవచ్చెను. అది మొదలు ఇరువురును నిద్రాహారములను మఱచి పనిచేసిరి. డిసెంబరు మాసమున సిలికానుకు బదులు జర్మేనియమును వాడి చూడవలెనని బార్డీన్ సూచించెను.

బ్రాటెయిన్ ముక్కోణాకృతిగల ఒక ప్లాస్టిక్ ముక్కను దెచ్చి, దాని అంచులకు పలుచని బంగారురేకును అంటించెను. కొనయొద్ద ఆ రేకును క్షౌరపుకత్తి యలుగుతో సన్నముగా చీల్చెను. ఇట్లు ఒకదానికొకటి మిల్లీమీటరులో ఇరువదవ వంతు ఎడముగా రెండు బంగారు మొనలేర్పడెను. ఆ కొనను ఒక స్ప్రింగుతో జర్మేనియపు బిళ్ళపై నదిమి నిలిపిరి. బిళ్ళ యడుగున మూడవ తీగ నతికిరి. 1947 డిసెంబరు 16 వ తేదీని ఒక మొనలోనికి స్వల్పమైన విద్యుత్సంకేతమును పంపగా, రెండవ మొనయొద్ద అది హెచ్చయిన బలముతో వెలువడెను. వారు కోరిన ఫలము వారెదురుచూచిన విధమున గాక వేఱొక విధమున లభించినది, కాని లభించినది. ఆ సాయంకాలము బార్డీన్ ఇంటికి పోయి, వంటయింటిలో పనిలోనున్న భార్యతో, ఆ దినము ముఖ్యమైన దొకటి కనుగొంటిమని మాత్రము చెప్పెను. అంతకుమించి అతడేమియు చెప్పలేదు.

డిసెంబరు 23 వ తేదీని ప్రయోగశాల అధికారులు కూడియుండగా ఆ పరికరము ద్వారా మనుష్యుని కంఠధ్వనిని పంపిరి. పరికరమును కలిపినపుడు ధ్వని బిగ్గరగాను, తీసినపుడు మెల్లగాను వినవచ్చెను. జాన్ పియర్స్ అను సహోద్యోగి దానికి ట్రాన్సిస్టరని నామకరణము గావించెను. 1948 జూన్ 30 వ తేదీని న్యూయార్కు నగరమున దీనిని ప్రకటించిరి. మఱునాటి పత్రికలు దానిని అంతగా లెక్కచేయలేదు. ఒక ప్రసిద్ధ పత్రిక రేడియో విశేషముల నడుమ నాలుగు చిన్న పేరాలలో ఆ వార్తను ముగించెను. లోకమును మార్చు వస్తువులు పుట్టుచున్నపుడు డప్పులు మ్రోగవు.

తన బృందమువారు గెలిచిరని షాక్లీ సంతోషించెను. కాని ఆ గెలుపులో తన చేయి లేదని లోలోన కుమిలెను. ఆ పట్టుదలతో అతడొంటరిగా కూర్చుండి, 1948 జనవరిలోనే మఱింత మేలైన రూపమును యోచించెను. మొనలకు బదులు అర్ధవాహకపు పొరలను ఒకదానిపై నొకటి యమర్చుట అతని పద్ధతి. కొలది యేండ్లలో వాడుకలోనికి వచ్చి లోకమెల్ల వ్యాపించినది ఆ రూపమే.

ఇట్టి ట్రాన్సిస్టరుకు మూడు కాళ్ళుండును. వానిని ఎమిటరు, బేసు, కలెక్టరు అందురు. ఆఱు వోల్టుల బ్యాటరీకిని ఒక చిన్న దీపమునకును నడుమ దీని నుంచితిమనుకొందము. దీపపు ప్రవాహము కలెక్టరునుండి ఎమిటరునకు పోవలెను. బేసు నడుమనుండి తూముతలుపువలె పనిచేయును. బేసులో ప్రవాహము లేనపుడు దారి మూతపడియుండును, దీపము వెలుగదు. బేసునకును ఎమిటరునకును నడుమ ఇంచుమించు 0.7 వోల్టుల బలము చూపి, 5 మిల్లీయాంపియరుల ప్రవాహమును పంపినచో, దారి తెఱచుకొని దీపములో 100 మిల్లీయాంపియరుల ప్రవాహము పాఱును. చిన్నది తనకంటె ఇరువది రెట్లు పెద్దదానిని పాలించినదన్నమాట. ఇది సిలికానుతో చేసిన ట్రాన్సిస్టరుల లెక్క.

ఈ మీటను వాడుటలో ఒక మెలకువ కలదు. తూముతలుపు సగమెత్తి విడిచినచో నీరు అచ్చట సుడితిరుగును. అట్లే ట్రాన్సిస్టరును సగము తెఱచి యుంచినచో అది వేడెక్కును. పూర్తిగా మూసినపుడు ప్రవాహమే లేదు గనుక వేడి లేదు. పూర్తిగా తెఱచినపుడు దానికడ నిలుచు బలము సుమారు 0.2 వోల్టులు మాత్రమే. 100 మిల్లీయాంపియరులకు అచ్చట నష్టమగు శక్తి వాటులో ఏబదియవ వంతు. సగము తెఱచినపుడో, మూడు వోల్టులును 50 మిల్లీయాంపియరులును కలసి దానికి ఏడెనిమిది రెట్లు వేడి పుట్టించును. కావున మీటగా వాడునపుడు బేసునకు చాలినంత ప్రవాహమునిచ్చి పూర్తిగా తెఱవవలెను. లేదా పూర్తిగా మూయవలెను. బేసు దారిలో ఒక నిరోధకము నుంచవలెను. లేనిచో ప్రవాహము మితిమీరి ట్రాన్సిస్టరు మాడిపోవును. దీపమునకు మాఱుగా మోటారునో, తీగచుట్టనో నడుపునపుడు, ప్రవాహమును తటాలున ఆపినచో ఆ చుట్టలోనుండి పెద్ద వోల్టేజి ఎదురుతిరుగును. దానికి తప్పించుకొను దారిగా ప్రక్కన ఒక డయోడు నమర్తురు. ఇంత సుకుమారమైన వస్తువే, తగిన కాపుదల యున్నచో, ఏండ్లతరబడి అరగక పనిచేయును.

షాక్లీ తన కొత్త పరిశోధనలో బార్డీన్‌ను, బ్రాటెయిన్‌ను చేరనీయలేదు. తాము కనుగొన్న వస్తువుపై పనిచేయు నవకాశమే వారికి లేకుండ పోయెను. బార్డీన్ దూషింపలేదు, రచ్చకెక్కలేదు. పైయధికారులకు తన స్థితిని స్పష్టముగా తెలియజేసి, 1951 లో ఆ ప్రయోగశాలను విడిచి, ఇల్లినాయి విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా చేరెను. చేదును మనస్సున నిలుపుకొనక కొత్త ప్రశ్న కొఱకు కదలిపోయెను. ట్రాన్సిస్టరులతో మ్రోగెడు ఒక చిన్న సంగీతపు పెట్టె యతనికడ నుండెను. ఉపన్యాసములకు పోవునపుడు దానిని వెంటగొనిపోయి మీట నొక్కెడివాడు. వాల్వులవలె వేడెక్కువఱకు ఆగక, తక్షణమే యది పాడెడిది. చాల మాటలు చెప్పుటకంటె అది యతనికి సుఖముగా నుండెడిది.

ఇంతలో ట్రాన్సిస్టరు లోకసంచారము మొదలిడెను. మొదట చెవిటివారికి వినికిడి పరికరములలో నది యుపయోగపడెను. 1954 లో చేతిలో నిముడు ట్రాన్సిస్టరు రేడియో అమెరికాలో అమ్మకమునకు వచ్చెను. కొంతకాలమునకు తెలుగు పల్లెలకును ఆ రేడియోలు చేరెను. కరెంటు లేని ఊళ్ళలో సైతము బ్యాటరీలతో అవి పాడుచుండగా, జనులు ఆ రేడియోనే ట్రాన్సిస్టరని పిలువసాగిరి. లోపలనున్న మీట పేరే పెట్టె కంతటికిని పేరయ్యెను.

1956 నవంబరులో ఒకనాటి యుదయమున బార్డీన్ తన యింట గ్రుడ్లు వేయించుచు రేడియో వినుచుండెను. షాక్లీకి, బ్రాటెయిన్‌కు, తనకు ఆ సంవత్సరపు భౌతికశాస్త్ర నోబెల్ బహుమానము లభించినదని వార్త వచ్చెను. చేతిలోని పెనము క్రింద పడిపోయెను. స్వీడను దేశమునకు పోయి బహుమానము నందుకొనునపుడు బార్డీన్ తన బిడ్డలందఱను వెంట తీసికొనిపోలేదు. పుత్రుల చదువునకు భంగము కలుగరాదని అతని తలంపు. ఆ దేశపు రాజు అందులకు అతనిని ముద్దుగా మందలింపగా, మఱియొకసారి వచ్చునపుడు అందఱను తెచ్చెదనని బార్డీన్ మాటయిచ్చెను. విన్నవారది హాస్యమనుకొనిరి.

అప్పటికే బార్డీన్ మనస్సు వేఱొక సమస్యపై నుండెను. కొన్ని లోహములను అత్యంత శీతలముగా జేసినపుడు విద్యుత్తునకు అవి యించుకైనను అడ్డుచెప్పవు. పాదరసము సున్నకు దిగువన 269 డిగ్రీల సెంటిగ్రేడుకడ ఇట్టి స్థితిని పొందునని హాలెండు దేశపు శాస్త్రజ్ఞుడు కామర్లింగ్ ఆన్నెస్ 1911 లో కనుగొనెను. దీనినే అతివాహకత యందురు. దీని కారణమును తెలిసికొనబోయి మహామహులెందఱో విఫలులైరి. బార్డీన్ లియాన్ కూపర్ అను యువశాస్త్రజ్ఞుని, రాబర్టు ష్రీఫర్ అను విద్యార్థిని తోడు చేసికొని ఈ సమస్యకు పూనుకొనెను. పని సాగక ష్రీఫర్ నిరాశ చెంది వేఱొక విషయమును చేపట్టదలచెను. నోబెల్ బహుమానము కొఱకు ప్రయాణమగుచున్న బార్డీన్, తాను తిరిగి వచ్చువఱకు మఱి కొన్నాళ్ళు ప్రయత్నింపుమని యతనికి నచ్చజెప్పెను. ఆ కొన్నాళ్ళే చాలెను. 1957 ఆరంభమున ష్రీఫర్‌కు కావలసిన సూత్రము స్ఫురించెను. ఎలక్ట్రానులు జంటలుగా కూడి, ఒక్క మనస్సుతో నడచునట్లు కదలునని వారు నిరూపించిరి. ఇచ్చటను వైఫల్యముకడ ఓర్పుతో నిలుచుటయే విజయమునకు దారియయ్యెను.

1972 లో ఈ సిద్ధాంతమునకై ఆ మువ్వురికి నోబెల్ బహుమానము లభించెను. భౌతికశాస్త్రమున రెండు పర్యాయములు ఈ బహుమానమును పొందినవాడు బార్డీన్ ఒక్కడే. ఆ వార్త వెలువడిన దినమున అతడు ఇంటినుండి బయలుదేరబోగా కారుశాల తలుపు తెఱచుకొనలేదట. ఆ తలుపును నడుపు మీట ట్రాన్సిస్టరులతో చేసినదే! తాను కనిపెట్టిన వస్తువే ఆనాడు తన దారికడ్డు నిలువగా అతడు నవ్వుకొనవలసి వచ్చెను. ఈ పర్యాయము అతడు రాజుకిచ్చిన మాటను నిలుపుకొని, బిడ్డలు మువ్వురను స్వీడనుకు తీసికొనిపోయెను. తనకు వచ్చిన ధనమున చాలభాగమును, అతివాహకతపై తనకు ముందు కృషిచేసిన ఫ్రిట్జ్ లండన్ స్మారకోపన్యాసములకు దానము గావించెను.

ఇంతటి వాడయ్యును బార్డీన్‌లో గర్వము లేశమును లేదు. మెల్లగా మాటాడుటచే విద్యార్థులు అతనికి గుసగుసల జాన్ అని పేరిడిరి. ఇరుగుపొరుగువారిని పిలిచి స్వయముగా వండి వడ్డించెడివాడు. అతనితో ఏండ్లతరబడి గోల్ఫు ఆడిన మిత్రుడొకడు, ఇంతకు నీవు జీవనమునకై యేమి చేయుదువని యొకనాడు అడిగెనట. తన బహుమానముల మాట యతడెన్నడును తానై యెత్తలేదు. అతని మొదటి శిష్యుడగు నిక్ హోలొన్యాక్ 1962 లో కంటికి గానవచ్చు వెలుగునిచ్చు డయోడును నిర్మించెను. నేడు ఇండ్లలో వెలుగు ఎల్ఇడి దీపములకు మూలము అట్టి డయోడులే.

1945 లో విఫలమైన షాక్లీ ఊహ ఏమైనది? అది వ్యర్థము కాలేదు. ఉపరితలమున నెలకొన్న చిక్కును బార్డీన్ ఎఱుకపఱచియుండుటచే, దానిని తొలగించు నుపాయమును ఇతరులు వెదకిరి. సిలికానుపై దాని భస్మపు పలుచని పొరను పెంచి, ఆ చిక్కును అణచి, 1959-60 లో బెల్ ప్రయోగశాలలలోని అటల్లా, కాంగ్ అనువారు ఆనాటి ఊహ ననుసరించి పనిచేయు ట్రాన్సిస్టరును నిర్మించిరి. దానిని తెఱచియుంచుటకు ప్రవాహము ఇంచుమించు అక్కఱలేదు. వోల్టేజి చూపిన చాలును. బ్యాటరీతో నడచు చిన్న మోటారులకును, దీపములకును నేడు మీటలుగా నున్నవి చాలవఱకు ఈ జాతివే. ఒక చేతిఫోనులో గోరంత సిలికానుపై ఇట్టి మీటలు వేయికోట్లకు మించియు నిముడుచున్నవి. మూయుటయు తెఱచుటయు తప్ప ఒక్కొక్క దానికి వేఱు పని తెలియదు. అవి యన్నియు కూడి లెక్కలు వేయుచున్నవి, చిత్రములు చూపుచున్నవి, సముద్రముల కావలివారితో మాటాడించుచున్నవి.

1991 జనవరి 30 వ తేదీని బోస్టన్ నగరమున, ఎనుబదిరెండేండ్ల ప్రాయమున బార్డీన్ పరలోకగతుడయ్యెను. అతని దేహమును జన్మస్థలమగు మేడిసన్‌లో ఖననము చేసిరి.

బార్డీన్ జీవితము విద్యార్థులకు మంచి పాఠము. లెక్క తప్పినపుడు పలకను తుడిచివేయుట సులభము. ఎచ్చట తప్పెనో వెదకుట కష్టము. బార్డీన్ జీవితమంతయు ఆ కష్టమునే కోరుకొనెను. మూసిన తలుపును చూచి వెనుదిరుగక, అది యేల తెఱచుకొనలేదని యోచించెను. ఆ యోచనయే లోకమునకు కొత్త ద్వారమును తెఱచెను. చిన్న ప్రవాహము పెద్ద ప్రవాహమును నడుపునట్లు, ఆ మితభాషి మెల్లని పలుకు నేటి మహాలోకమును నడుపుచున్నది.